రెండు కర్ణాలు

లాన్సెస్టన్‌లో జూన్. షెడ్డులో నా ఊపిరి నాకే కనిపిస్తోంది.
జిగురు సీసాని చంకలో పెట్టుకుని వెచ్చబెడుతున్నాను,
కోడి గుడ్డుని పొదిగినట్టు.

పెద్ద పనేం కాదు. గోడకి తగిలించే ఒక బీరువా,
పిల్లలు బస్సులో మరిచిపోయిన వస్తువులకి.
పదకొండేళ్ళుగా ఆ స్కూలు బస్సు నడుపుతున్నాను,
పదకొండేళ్ళుగా అవన్నీ డిపోలో ఒక అట్టపెట్టెలోనే:
ఒంటి చేతితొడుగులు, మూతలేని టిఫిను డబ్బాలు,
ఎవరూ అడగడానికి రాని ఒక వయొలిన్ కమాను.
అట్టపెట్టె చాలదా అన్నాడు మేనేజరు.
చాలు.
అయినా.

మొదటిసారి ఎఫ్ ఆకారపు క్లాంపులు వాడాను, చవగ్గా వచ్చాయని.
మర తిప్పిన కొద్దీ వాటి దవడ వాలిపోతుంది,
తలూపుతూనే మాట వినని మనిషిలా.
నాలుగు పలకలూ కూడబలుక్కుని ఓ పక్కకి ఒరిగాయి.
మూలమట్టం ఆనించి చూస్తే
ఇనుముకీ చెక్కకీ మధ్య సన్నటి వెలుగు.
జిగురు ఆరకముందే ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి,
చేతకానితనాన్ని కూడా తుడిచినట్టు నటించి
కొట్టుకి వెళ్ళాను.

గ్లెనిస్ పెడ్డర్, కలప బల్ల దగ్గరుండేది,
గడియారం పట్టీ మీద ఎప్పటిదో ఎండిన జిగురు.
తాయారు అనే నా పేరు ఆమె నోట టైరు అవుతుంది.
బస్సు నడిపేదాన్ని, దిద్దలేదు.
క్లాంపులన్నీ బల్ల మీద పరిచింది.
ఇది బెల్టు. నాలుగు మూలల్నీ ఒకేసారి కౌగిలిస్తుంది,
కౌగిలికి లంబకోణం తెలియదు.
ఇది మూల క్లాంపు. ముద్దుగా ఉంటుంది,
కారిన జిగురుతో తనూ అతుక్కుపోతుంది,
పెళ్ళికొచ్చి పెళ్ళివారింట్లోనే ఉండిపోయిన చుట్టంలా.
ఇవేమో సమాంతరపు దవడలవి, వాలవు, వంగవు.
ధర చూసి నేనే కాస్త వాలాను.

"బిగించడం వేరు టైరూ, నిలబెట్టడం వేరు.
రెండూ ఒకే పనిముట్టుని అడక్కు."
ఖరీదైనవి రెండే కొనిపించింది.
ప్లైవుడ్ తుక్కులోంచి నాలుగు ముక్కోణాలు కోసి,
లంబకోణం ఉన్న కొసని టక్కున తెంపేసి
ఊరికే ఇచ్చింది.
ఆ కొసే కదా అసలుది, అన్నాను.
"జిగురుకి చోటు కావాలి.
మూల సరిగ్గా రావాలంటే
సరిచేసేది మూలలోకి దూరకూడదు."

బస్సులో ముప్ఫై మంది పిల్లల్ని అద్దంలో చూస్తూ
ఆ మాటని చాలా మలుపుల దాకా తీసుకెళ్ళాను.

ఈసారి మైనపు కాగితం పరిచాను, హీటరు పెట్టాను.
ముక్కోణాల్ని మూలల లోపలివైపు పట్టించాను.
ఒక కర్ణం తొమ్మిది వందల పద్దెనిమిది, రెండోది ఇరవయ్యొకటి.
పొడుగు కర్ణం వైపుకి క్లాంపుని రవ్వంత ఏటవాలుగా జరిపి
పావు మర. మళ్ళీ టేపు. ఇంకో వెంట్రుకవాసి.
తెగేదాకా లాగొద్దంటారు, నొక్కడానికీ ఉంది అలాంటి చోటు:
అది దాటితే జిగురంతా బయటికొచ్చేసి
లోపల పట్టుకోవడానికేమీ మిగలదు.
అంచు పొడవునా చిన్న చిన్న పూసలు కట్టగానే
చెయ్యి తీసేశాను.

పొద్దున విప్పితే కిర్రుమంది, అంతే.
తొమ్మిది వందల పంతొమ్మిది.
తొమ్మిది వందల పంతొమ్మిది.
అద్దం ముందు నిలబడి కూడా
నేనింత సమంగా ఎప్పుడూ లేను.

డిపోలో గోడకి తగిలించి అట్టపెట్టె ఒంపాను.
కమాను నిలువుగా పట్టలేదు.
అడ్డంగానూ పట్టలేదు.
కింది మూల నుంచి పై మూలకి ఏటవాలుగా పెడితే,
నేను రాత్రంతా కొలిచిన ఆ గీత మీదే
హాయిగా వాలింది.

అరలు ఇంకా బిగించలేదు.
పలకలు కోసే ఉన్నాయి, షెడ్డులో.